కెమెరా కొనేముందు మౌంట్ తేల్చుకోండి: ఏ లెన్స్ ఏ బాడీకి, ఏ అడాప్టర్‌తో

కొత్త కెమెరా కొనాలనుకునేవాళ్లు ముందు మెగాపిక్సెళ్ల గురించి అడుగుతారు, తర్వాత వీడియో గురించి అడుగుతారు. మౌంట్ సంగతి, అంటే లెన్స్ కెమెరా బాడీకి బిగుసుకునే అమరిక సంగతి, చివర్లో గుర్తొస్తుంది, కొందరికి డబ్బు కట్టేశాక గుర్తొస్తుంది. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది అదే. బాడీ నాలుగైదేళ్లకు పాతబడుతుంది. మంచి లెన్స్ మాత్రం ఇరవై, ముప్ఫై ఏళ్లయినా పని చేస్తూనే ఉంటుంది. కాబట్టి మీరు నిజానికి కొంటున్నది బాడీ కాదు, ఇకపై కొనబోయే లెన్సులన్నీ ఏ వరుసలోవి అన్న నిర్ణయం.

"అడాప్టర్ ఉందిగా, ఏదైనా దేనికైనా పెట్టేయొచ్చు" అనే మాట తరచూ వినిపిస్తుంది. అందులో సగమే నిజం. ఏ సగం నిజమో తెలియాలంటే కాస్త లెక్క చూడాలి. పెద్ద లెక్కేం కాదు, తీసివేత వస్తే చాలు.

దూరం లెక్క

లెన్స్ వచ్చి కూర్చునే లోహపు అంచు నుంచి సెన్సార్ దాకా ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ప్రతి మౌంట్‌కూ ఇది ఖాయంగా ఉంటుంది, లెన్స్‌ను ఆ దూరానికి సరిపోయేట్టే తయారుచేస్తారు. డీఎస్ఎల్ఆర్‌లలో మధ్యలో అద్దం లేచి పడాలి కాబట్టి ఈ దూరం ఎక్కువ. నికాన్ ఎఫ్‌కు 46.5 మి.మీ., కెనాన్ ఈఎఫ్‌కు 44 మి.మీ., పాత స్క్రూ మౌంట్ ఎం42కూ పెంటాక్స్ కె మౌంట్‌కూ 45.46 మి.మీ. మిర్రర్‌లెస్‌లో అద్దం పోయింది, దూరం సగానికి పైగా తగ్గింది. నికాన్ జెడ్ 16, ఫుజిఫిల్మ్ ఎక్స్ 17.7, సోనీ ఇ 18, మైక్రో ఫోర్ థర్డ్స్ 19.25, కెనాన్ ఆర్ఎఫ్ 20, లైకా-పానసోనిక్-సిగ్మా కలిసి నడిపే ఎల్ మౌంట్ కూడా 20.

లెన్స్ దూరం ఎక్కువై, బాడీ దూరం తక్కువైతే మధ్య తేడాను ఒక ఖాళీ గొట్టంతో నింపేయొచ్చు. అడాప్టర్ అంటే ప్రాథమికంగా ఆ గొట్టమే. నికాన్ ఎఫ్ లెన్స్‌ను జెడ్ బాడీకి పెట్టాలంటే 30.5 మి.మీ. గొట్టం కావాలి, ఈఎఫ్ లెన్స్‌ను ఆర్ఎఫ్ బాడీకి పెట్టాలంటే 24 మి.మీ. గొట్టం చాలు. లోపల గాజు ఉండదు కాబట్టి లెన్స్ నాణ్యత ఏమీ తగ్గదు. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే సంఖ్య) కూడా మారదు. సెన్సార్ చిన్నదైతే కనిపించే మేర తగ్గుతుందంతే: 50 ఎంఎం లెన్స్ మైక్రో ఫోర్ థర్డ్స్ బాడీ మీద ఫుల్‌ఫ్రేమ్‌లో (35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సార్‌లో) 100 ఎంఎం చూపించేంత మేరే చూపిస్తుంది.

తేడా తిరగబడితే మాత్రం ఏ గొట్టమూ సాయం చేయదు. దీనికి కెనాన్ చరిత్రలోనే రెండు ఉదాహరణలున్నాయి. 1987లో ఈఎఫ్ మౌంట్ తెచ్చినప్పుడు దాని దూరం 44 మి.మీ., అంతకుముందు వాళ్లదే ఎఫ్‌డీ మౌంట్ దూరం 42. ఎఫ్‌డీ లెన్స్‌ను ఈఎఫ్ బాడీకి పెట్టాలంటే రింగుకు మందమే లేదనుకున్నా లెన్స్ 2 మి.మీ. దూరంగా కూర్చుంటుంది. ఆ రెండు మిల్లీమీటర్లకే 50 ఎంఎం లెన్స్ సుమారు మీటరుంపావు అవతల దేన్నీ ఫోకస్ చేయలేదు. గాజు పెట్టిన అడాప్టర్లతో దూరం అందుకోవచ్చు గానీ, ఆ గాజు చవకదైతే బొమ్మ అంచులు మెత్తబడిపోతాయి.

రెండో ఉదాహరణ ఇంకా బాధాకరం. 2012లో వచ్చిన కెనాన్ ఈఎఫ్-ఎం మిర్రర్‌లెస్ మౌంట్ దూరం 18 మి.మీ. 2018లో అదే కంపెనీ తెచ్చిన ఆర్ఎఫ్ 20 మి.మీ. కాబట్టి ఈఎఫ్-ఎం లెన్సులు ఆర్ఎఫ్ బాడీ మీదికి రావు. ఆ వరుసను కంపెనీ ఆపేశాక, చిన్నగా, ముచ్చటగా ఉండే ఆ లెన్సులు పాత బాడీలతోనే మిగిలిపోయాయి. పెద్ద కంపెనీ పేరు చూసి మౌంట్‌కు భవిష్యత్తు ఉందనుకోకూడదు. సామ్‌సంగ్ ఎన్ఎక్స్, నికాన్ 1 వరుసలు కూడా అలాగే ఆగిపోయాయి. సెకండ్ హ్యాండ్‌లో ఇవి చవగ్గా కనిపించినప్పుడు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

దూరం కుదిరినంత మాత్రాన సరిపోదు

గొట్టం సరిపోయిందంటే లెన్స్ బొమ్మ చూపిస్తుందని అర్థం, పని చేస్తుందని కాదు. ఇక అడగాల్సినవి రెండే ప్రశ్నలు. అపెర్చర్‌ను, అంటే వెలుతురు దూరే రంధ్రాన్ని, ఎవరు కదుపుతున్నారు? ఫోకస్‌ను ఎవరు కదుపుతున్నారు? మీ దగ్గరున్న ఒక్కో లెన్స్‌నూ చేతిలోకి తీసుకుని ఈ రెండూ అడగండి. అడాప్టర్ల గురించిన గందరగోళం చాలావరకు ఇక్కడే తీరిపోతుంది.

పాత మాన్యువల్ లెన్స్‌కు అపెర్చర్ రింగు ఉంటుంది, ఫోకస్ రింగు ఉంటుంది, రెండూ మీ వేళ్లతోనే తిరుగుతాయి. దానికి ఉత్త లోహపు గొట్టం చాలు. నికాన్ జి రకం లెన్సులకు అపెర్చర్ రింగు లేదు, వెనక ఒక చిన్న లివర్ ఉంటుంది. దాన్ని బాడీ కదపాలి, లేదంటే అడాప్టర్ మీద ఒక రింగు పెట్టి దానితో కదపాలి. అలాంటి రింగు మీద అపెర్చర్ ఎంత తెరిచి ఉందో చెప్పే ఎఫ్ సంఖ్యలు ఉండవు, ఎంత మూశామన్నది వెలుతురును బట్టి అంచనా వేసుకోవాల్సిందే. కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో లివర్లు కూడా లేవు, అంతా కరెంటు సిగ్నళ్లే. ఉత్త గొట్టం మీద పెడితే ఈఎఫ్ లెన్స్ అపెర్చర్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, మామూలుగా పూర్తిగా తెరిచి. ఎస్‌టీఎం (స్టెప్పింగ్ మోటారు) లెన్సులయితే చేత్తో ఫోకస్ రింగు తిప్పినా ఏమీ జరగదు, ఎందుకంటే ఆ రింగు కూడా మోటారుకు ఆజ్ఞ ఇస్తుందే తప్ప గాజును నేరుగా కదపదు. అందుకే ఈఎఫ్ లెన్సులకు ఎలక్ట్రానిక్ అడాప్టర్ తప్పనిసరి. పక్కనే సగం ధరకు కనిపించే ఉత్త గొట్టాన్ని చూసి ఆశపడొద్దు.

పాత డీఎస్ఎల్ఆర్ లెన్సులు సంచి నిండా ఉంటే

మీరు కెనాన్ ఈఎఫ్ మనిషి అయితే ఆర్ఎఫ్ బాడీ, కెనాన్ సొంత ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ తీసుకోండి. దీనికి మించిన సుఖమైన మార్పిడి ఇంకే కంపెనీలోనూ నాకు కనబడలేదు. కాంటాక్టులు, భాష రెండూ వాళ్లవే కాబట్టి ఆటోఫోకస్, చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ సొంత లెన్స్ పెట్టినట్టే పని చేస్తాయి. ఫోకస్ కొలత సెన్సార్ మీదే జరుగుతుంది గనక డీఎస్ఎల్ఆర్‌లో ముందుకో వెనక్కో తప్పే లెన్సులు కూడా ఇక్కడ గురి తప్పవు. చిన్న సెన్సార్ల కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్‌ఫ్రేమ్ ఆర్ బాడీకి కూడా ఎక్కుతాయి, అయితే కెమెరా తనంతట తానే బొమ్మ అంచులు కత్తిరించి క్రాప్ చేస్తుంది. ఈ అడాప్టర్‌లోనే లోపల ఫిల్టర్ దూర్చుకునే రకం ఒకటుంది. ల్యాండ్‌స్కేప్ తీసేవాళ్లకు అది నిజంగా వరం. ముందు భాగం ఉబ్బెత్తుగా ఉండి ఫిల్టర్ పట్టని అల్ట్రావైడ్ లెన్సులకు కూడా వెనక నుంచి వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ గానీ, మెరుపులు తగ్గించే పోలరైజర్ గానీ పెట్టుకోవచ్చు.

నికాన్ వాళ్లకు కథ కొంచెం చిక్కుగా ఉంటుంది. ఎఫ్ మౌంట్ 1959 నాటిది. బయట చూడ్డానికి ఒకటే మౌంట్ అయినా లోపల ఎన్నో తరాలున్నాయి. ఎఫ్ లెన్సులను జెడ్ బాడీకి పెట్టే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్, దాని తర్వాత 2021లో వచ్చిన ఎఫ్‌టీజెడ్ 2, రెండింటిలోనూ ఫోకస్ మోటారు లేదు. కాబట్టి లెన్స్‌లోనే మోటారున్న ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పి లాంటి రకాలకే ఆటోఫోకస్ వస్తుంది. బాడీలోని స్క్రూడ్రైవర్ లాంటి మొనతో తిరిగే ఏఎఫ్, ఏఎఫ్-డి లెన్సులు మాన్యువల్ అయిపోతాయి. లెన్స్ వెనక వైపు తిప్పి చూడండి: లోహపు అంచు మీద స్క్రూ గాడి లాంటి చిన్న చీలిక ఉండి, పేరులో ఏఎఫ్-ఎస్ లేకపోతే అది ఆ పాత రకమే. మీ లెన్సుల్లో ఎక్కువ ఇవే అయితే జెడ్‌కు తొందరపడకండి. మోటారున్న డీఎస్ఎల్ఆర్ బాడీని ఇంకొన్నేళ్లు వాడుకోవడమే లాభం. ఎఫ్‌టీజెడ్ రెండు రూపాల్లో కొత్తదాన్నే సిఫారసు చేస్తాను. మొదటిదానికి కింద ట్రైపాడ్ కోసం ఉబ్బు ఉంది, బ్యాటరీ గ్రిప్ ఉన్న బాడీలకు అది అడ్డం పడుతుంది.

మినోల్టా, సోనీ ఏ మౌంట్ లెన్సులున్నవాళ్లకు సోనీ ఎల్ఏ-ఈఏ5 అడాప్టర్ ఉంది. ఇందులో నికాన్ పెట్టని స్క్రూ మోటారు ఉంది. అయితే ఆ మోటారు కొన్ని ఇ మౌంట్ బాడీలతోనే పని చేస్తుంది, మీ బాడీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకున్నాకే కొనండి. పెంటాక్స్ కె వాళ్లు మిర్రర్‌లెస్‌కు మారితే మాన్యువల్‌గా వాడుకోవడానికి సిద్ధపడటం మంచిది.

ఒక కంపెనీ లెన్స్, ఇంకో కంపెనీ బాడీ

ఇక్కడ జాగ్రత్త చాలా అవసరం. ఈఎఫ్ లెన్సులను సోనీకి పెట్టే సిగ్మా ఎంసీ-11, మెటాబోన్స్, ఫుజికి పెట్టే ఫ్రింగర్ లాంటివి మంచి వస్తువులే. నిలబడి ఉన్న మనిషిని, కట్టడాన్ని, ఉత్పత్తిని తీస్తే ఇబ్బందేమీ ఉండదు. పరిగెత్తే పిల్లాడినో, ఎగిరే పక్షినో వరసగా తీయాల్సి వస్తే సొంత లెన్స్‌కూ దీనికీ తేడా తెలిసిపోతుంది. ఒక కంపెనీ భాషను ఇంకో కంపెనీ ఊహించి అనువదిస్తోంది మరి. సిగ్మా తన ఎల్ మౌంట్ అడాప్టర్ ఎంసీ-21ను విడుదల చేసినప్పుడు కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ చేసే కంటిన్యువస్ ఆటోఫోకస్‌కు మద్దతు లేదని తానే చెప్పింది. వీడియోలో ఫోకస్ మెల్లగా జారాల్సిన చోట తడబడటం, మోటారు చప్పుడు మైకులో పడటం కూడా మామూలే. పెళ్లిళ్లు, ఆటలు, పక్షులు తీసి సంపాదించేవాళ్లు అడాప్టర్‌ను తాత్కాలికంగానే పెట్టుకోవాలి. ముఖ్యమైన లెన్స్ ఒకటైనా సొంత మౌంట్‌లో ఉండాలి.

విచిత్రంగా, మిర్రర్‌లెస్ నుంచి మిర్రర్‌లెస్‌కు వెళ్లే అడాప్టర్లు కూడా ఉన్నాయి. నికాన్ జెడ్ దూరం సోనీ కంటే 2 మి.మీ. తక్కువ. టెక్‌ఆర్ట్, మెగాడాప్ కంపెనీలు ఆ రెండు మిల్లీమీటర్లలోనే కాంటాక్టులన్నీ ఇమిడ్చి, సోనీ ఇ లెన్సులను జెడ్ మీద ఆటోఫోకస్‌తో నడిపిస్తున్నాయి. ఇంజినీరింగ్‌గా అబ్బురం. కానీ అంత పల్చటి వస్తువు మీద బరువైన టెలిఫొటో వేలాడదీయడానికి నాకు మనసొప్పదు. చిన్న ప్రైమ్‌లకు (జూమ్ లేని లెన్సులకు) వాడుకోండి.

స్పీడ్ బూస్టర్ ఎప్పుడు

మెటాబోన్స్ 2013లో తెచ్చిన ఈ రకం అడాప్టర్‌లో కావాలనే గాజు పెడతారు. ఫుల్‌ఫ్రేమ్ లెన్స్ వేసే పెద్ద బొమ్మను 0.71 రెట్లకు కుదించి చిన్న సెన్సార్ మీద వేస్తుంది. వైశాల్యం సగమైంది కాబట్టి వెలుతురు చిక్కబడి ఒక స్టాప్, అంటే రెట్టింపు వెలుతురు, కలిసొస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.4 కాస్తా దాదాపు 35 ఎంఎం ఎఫ్/1.0 అవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సార్ ఉండే ఏపీఎస్-సి బాడీ మీద 1.5 క్రాప్ ఉన్నా, 0.71తో గుణిస్తే దాదాపు ఫుల్‌ఫ్రేమ్ మేరే తిరిగొస్తుంది. ఏపీఎస్-సి గానీ మైక్రో ఫోర్ థర్డ్స్ గానీ వాడుతూ, ఫుల్‌ఫ్రేమ్ లెన్సులు ఇప్పటికే ఉన్నవాళ్లకు, ముఖ్యంగా వీడియో తీసేవాళ్లకు ఇది సరైనది. చిన్న సెన్సార్‌కే చేసిన లెన్సులకు వాడితే మూలలు నల్లబడతాయి. ఫుల్‌ఫ్రేమ్ బాడీ ఉన్నవాళ్లకు దీని అవసరమే లేదు.

పాత మాన్యువల్ లెన్సులు: అసలు ఆనందం ఇక్కడే

అడాప్టర్లకు పూర్తిగా న్యాయం జరిగేది మాన్యువల్ లెన్సులతోనే. ఎం42, మినోల్టా ఎండీ, కెనాన్ ఎఫ్‌డీ, ఒలింపస్ ఓఎం, లైకా ఎం, ఏదైనా సరే, మిర్రర్‌లెస్ బాడీ మీద ఇన్ఫినిటీ దాకా, అంటే ఎంత దూరానికైనా, ఫోకస్ అవుతాయి. తెర మీద పెద్దది చేసి చూసుకోవచ్చు, ఫోకస్ పీకింగ్ అంచులను రంగుతో చూపిస్తుంది, బాడీలో స్టెబిలైజేషన్ ఉంటే యాభై ఏళ్ల నాటి లెన్స్‌కు కూడా అది దక్కుతుంది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కళ్లు చికిలించి ఫోకస్ చేసే బాధ తప్పింది.

మెనూలో రెండు సంగతులు సరిచేసుకోవాలి. లెన్స్ లేకపోయినా షట్టర్ పడేట్టు అనుమతి ఇవ్వాలి, ఎందుకంటే ఉత్త గొట్టం పెడితే కెమెరాకు లెన్స్ ఉన్నట్టే తెలియదు. రెండోది, స్టెబిలైజేషన్ కోసం ఫోకల్ లెంగ్త్ మీరే నమోదు చేయాలి. 135 ఎంఎం లెన్స్ పెట్టి 50 అని వదిలేస్తే వణుకు సరిగా సర్దుబాటు కాదు.

ఎం42 లెన్స్ ఒకటి తీసుకుని వెనక చూడండి. 42 మి.మీ. వ్యాసం, ఒక్కో మరకు 1 మి.మీ. ఎడం, అందుకే ఆ పేరు. మరల పక్కనే సన్నటి పిన్ను ఒకటి పైకి లేచి ఉంటుంది. ఫిల్మ్ రోజుల్లో బటన్ నొక్కగానే బాడీ ఆ పిన్నును తోసేది, అప్పుడు అపెర్చర్ మూసుకునేది. ఆటో-మాన్యువల్ స్విచ్ ఉన్న లెన్స్ అయితే మాన్యువల్‌లో పెట్టేస్తే సరి. స్విచ్ లేనివాటికి లోపల అంచున్న అడాప్టర్ కొనాలి. లెన్స్ బిగించేసరికి ఆ అంచు పిన్నును నొక్కి పట్టుకుంటుంది. ఈ అంచు లేని రింగు కొంటే మీరు ఎఫ్/8 పెట్టినా బ్లేడ్లు పూర్తిగా తెరుచుకునే ఉంటాయి.

లైకా ఎం వైడ్ లెన్సుల విషయంలో ఒక హెచ్చరిక. వాటి వెనక గాజు సెన్సార్‌కు చాలా దగ్గరగా వస్తుంది, వెలుతురు మూలలకు బాగా ఏటవాలుగా పడుతుంది. సెన్సార్ మీద రక్షణ గాజు మందంగా ఉన్న బాడీల మీద, ముఖ్యంగా సోనీల మీద, మూలలు అలికినట్టు వస్తాయి. 50 ఎంఎం, ఆపైన అయితే దిగులు లేదు. ఎం లెన్సులు సాధారణంగా 0.7 మీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ కావు, అందుకని హెలికాయిడ్ ఉన్న అడాప్టర్ తీసుకోండి. అది గొట్టాన్నే పొడవు చేసి ఇంకా దగ్గరికి రానిస్తుంది.

అడాప్టర్ నాణ్యత ఎలా చూడాలి

మందంలో పదో వంతు మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుందో చూడండి. గొట్టం 0.1 మి.మీ. ఎక్కువ మందమైతే, ఇన్ఫినిటీ గుర్తు దగ్గర పెట్టిన 135 ఎంఎం లెన్స్ 180 మీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది, పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 50 ఎంఎం 25 మీటర్ల దగ్గర ఆగుతుంది. 24 ఎంఎం అయితే ఆరు మీటర్లలోపే ఆగిపోతుంది, దూరపు కొండలు ఎప్పటికీ పదునుగా రావు. ఈ భయంతోనే చాలామంది తయారీదారులు గొట్టాన్ని ఒక పిసరు పొట్టిగా చేస్తారు. అప్పుడు ఇన్ఫినిటీ గుర్తుకు ముందే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది. మామూలు లెన్సులకు నష్టం లేదు గానీ, లోపల గాజులు విడివిడిగా కదిలే వైడ్ లెన్సులకు మూలల్లో పదును తగ్గుతుంది. వైడ్ లెన్సులు వాడేవాళ్లు నోవోఫ్లెక్స్ లాంటి ఖచ్చితమైన రింగుకు డబ్బు పెట్టడం దండగ కాదు. 50 నుంచి 135 దాకా వాడేవాళ్లకు మధ్యస్థ ధరలోది చాలు.

కొన్నాక లెన్స్ బిగించి మెల్లగా తిప్పి చూడండి, వదులుగా ఆడితే వాపసు ఇచ్చేయండి. గొట్టం లోపల గోడలు నిగనిగలాడితే ఎండకు ఎదురుగా తీసినప్పుడు బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. లోపల మరల్లాంటి గీతలు, మెరవని నలుపు ఉండాలి. పొడవైన టెలిఫొటో వాడితే ట్రైపాడ్‌ను బాడీకి కాదు, లెన్స్ కాలర్‌కో అడాప్టర్ పాదానికో బిగించాలి, బరువంతా మౌంట్ మీద పడకుండా.

కొత్తగా మొదలుపెడుతుంటే

చేతిలో ఏమీ లేనివాళ్లు అడాప్టర్ల గురించి ఆలోచించనే వద్దు, లెన్సుల జాబితా చూసి మౌంట్ ఎంచుకోండి. బయటి కంపెనీల లెన్సులు ఎంత స్వేచ్ఛగా దొరుకుతాయన్నది ఇక్కడ పెద్ద విషయం. సోనీ 2011లోనే ఇ మౌంట్ ప్రాథమిక వివరాలను మిగతా కంపెనీలకు ఇచ్చింది, అందుకే సిగ్మా, టామ్రాన్ లెన్సులు దానికి విరివిగా ఉన్నాయి. అయితే చాలా వేగంగా తీసే సోనీ బాడీలు బయటి లెన్స్ పెడితే సెకనుకు 15 ఫ్రేములకు మించి తీయవు. పక్షులవాళ్లు తప్ప దీన్ని ఎవరూ గమనించరు. ఎల్ మౌంట్‌లో సిగ్మా స్వయంగా భాగస్వామి. నికాన్ జెడ్‌కు 2022 నుంచి టామ్రాన్, 2023 నుంచి సిగ్మా లైసెన్స్‌తో చేస్తున్నాయి. కెనాన్ ఆర్ఎఫ్ చాలాకాలం తలుపులు మూసే ఉంచి, 2024లో ఏపీఎస్-సి లెన్సులకు సిగ్మా, టామ్రాన్‌లను రానిచ్చింది.

పరిమిత బడ్జెట్‌తో ఫుల్‌ఫ్రేమ్ కావాలంటే నేను సోనీ ఇ అంటాను. ప్రయాణాల్లో బరువు మోయలేనివాళ్లకు మైక్రో ఫోర్ థర్డ్స్, ఏపీఎస్-సిలోనే స్థిరపడదామనుకుంటే ఫుజి ఎక్స్. రకరకాల పాత లెన్సులు పోగేసుకుని ఆడుకోవాలనే కోరిక ఉంటే ఫుల్‌ఫ్రేమ్ నికాన్ జెడ్ వైపు మొగ్గుతాను: 16 మి.మీ. దూరం, 55 మి.మీ. మౌంట్ వెడల్పు వల్ల దాని మీదికి రాని లెన్స్ అరుదు.

ఎలక్ట్రానిక్ అడాప్టర్ కొనే ప్రతివాళ్లూ ఒకటి చూసుకోవాలి: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసే దారి, యూఎస్‌బీ పోర్టో, బాడీ ద్వారానో, ఉందా లేదా. బాడీకి కొత్త ఫర్మ్‌వేర్ వచ్చాక బయటి అడాప్టర్ ఒక్కోసారి లెన్స్‌ను గుర్తించడం మానేస్తుంది. ముఖ్యమైన షూట్‌కు ముందు రోజు బాడీని అప్‌డేట్ చేయకండి. చేస్తే గనక, మీ దగ్గరున్న ప్రతి లెన్స్‌నూ ఆ అడాప్టర్ మీద పెట్టి, ఫోకస్, అపెర్చర్ రెండూ కదులుతున్నాయని చూశాకే సంచి సర్దుకోండి.